సిన్నోరమ్మ బడిలో పోలమ్మ పలకనన్న మాట

ఎందుకు రాస్తున్నానంటే

ఈమధ్య లంజిపల్లిలో మా ఇంటికి ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు. భాషలు నేర్పే పనిలో కొత్తగా దిగారట. "మాస్టారూ, మీరు ఒకప్పుడు గోపాల్‌పూర్‌లో ఇటాలియన్ చెప్పేవారట గదా, ఏ పుస్తకం వాడేవారు?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. కాస్త ఒళ్ళు కూడా మండింది. మేం వాడింది ఒక భోజనాల బల్ల, నాలుగు చెంచాలు, ఒక అరటిపళ్ళ అత్తం. ఆ మాట చెబితే నమ్మలేదు. వేళాకోళం అనుకుని, మర్యాదగా టీ తాగి వెళ్ళిపోయారు.

అందుకని కూర్చుని రాస్తున్నాను. నా జీతమెంత, ఎవరు సర్టిఫికెట్ ఇచ్చారు, ఏ దొర మెచ్చుకున్నాడు అన్నవి ఇందులో ఉండవు. అవి మా ఆవిడకే పట్టలేదు, మీకెందుకు? ఈ పని నిజంగా ఏమిటో నాకు తెలియజెప్పిన మనుషులు ఇద్దరున్నారు. ఇద్దరూ ఆడవాళ్ళే. ఒకావిడ నా యజమానురాలు. రెండో మనిషి ఆవిడ వంటింటికి చేపలు తెచ్చే పోలమ్మ.

సిన్నోరమ్మ

గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. మావాళ్ళది బరంపురంలో పట్టుచీరల కొట్టు. పరుపు మీద కూర్చుని చీర మడతలు విప్పి చూపించడం నావల్ల కాదని మొండికేశాను. గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున దొరలు దిగే బస ఒకటుంటే, అక్కడికొచ్చేవాళ్ళకి తెలుగూ ఒడియా నేర్పే పనిలో చేరాను. మా నాన్న ఊరంతా వినేలా తిట్టాడు.

ఆ బస నడిపేది ఇటలీ నుంచి వచ్చిన విధవరాలు. ఆ దేశంలో అమ్మగారూ అనడానికి 'సిన్యోరా' అంటారు. మా నోలియా వాడలో, అంటే సముద్రం మీద బతికే జాలరివాళ్ళ వాడలో, ఆ మాట సిన్నోరమ్మ అయి కూర్చుంది. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. మనిషి పొట్టి, గొంతు మాత్రం దీపస్తంభం దాకా వినిపించేది. కోపం వస్తే మూడు భాషల్లో కసిరేది, చల్లారాక కాఫీ తనే కలిపి ఇచ్చేది.

ఆవిడకి తెలుగు నేర్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మన 'ఆయన, అతను, వాడు, ఆవిడ, ఆమె, అది' వరస ఆవిడకి ఎక్కేది కాదు. అన్నిటికీ 'అది' చాలనుకుంది. ఒకరోజు మా నాన్న తలపాగా చుట్టుకుని, కొడుకు ఎలాంటిచోట ఉన్నాడో చూద్దామని గుర్రబ్బండి మీద వచ్చాడు. సిన్నోరమ్మ ఎంతో ఆదరంగా వరండాలోకి ఎదురొచ్చి, లోపలికి కేకేసింది. "అది వచ్చింది! దానికి కుర్చీ వెయ్యండి, దానికి కాఫీ ఇవ్వండి!" మా నాన్న ముఖం చూడాలి! కాఫీ ముట్టుకోకుండా మళ్ళీ బండెక్కేశాడు. ఆ తరవాత చాలాకాలం మా ఇంట్లో నా ఉద్యోగం ప్రస్తావన వస్తే "దానికి కాఫీ ఇచ్చే ఉద్యోగం" అనేవారు.

నేను ఆవిడకి తెలుగు చెబుతుంటే, ఆవిడ నాకు ఇటాలియన్ చెప్పింది. మొదట్లో జీతంలో భాగంగా అనుకున్నాను. తరవాత ఆ భాష మీద నాకే మోజు పుట్టింది.

చిట్టి మాటలతో తంటా

కలకత్తా నుంచి ఇటలీ ఓడలు నడిచేవి. వాటిమీద వంటకీ, తాళ్ళ పనికీ మన గంజాం వాళ్ళు కొందరు వెళ్ళేవారు. వాళ్ళకోసం సిన్నోరమ్మ సాయంత్రాలు భోజనాల గదిలో బడి పెట్టింది. నేను ఆవిడకి సహాయం.

పెద్ద పెద్ద మాటలు మనవాళ్ళు ఇట్టే పట్టేసేవారు. ప్రాణం తీసేవి చిట్టి సర్వనామాలే. 'లో' అంటే వాణ్ణి. 'లా' అంటే ఆమెని. 'ల్యి' అంటే అతనికి, 'లె' అంటే ఆమెకి. ఇంతింత మాటలు. మామూలుగా క్రియకి ముందు నిలబడతాయి. ఆజ్ఞ వేస్తే దాని వెనక అతుక్కుంటాయి, ఆ ఆజ్ఞే మర్యాదగా మీరు అని వేస్తే మళ్ళీ ముందుకొస్తాయి. "నాకది ఇయ్యి" అనాలంటే 'దామ్మెలో' అని ఒకే మాట. మనకి ఇవి అలవాటు లేదు. "ఉప్పు తెచ్చావా?" అంటే మనం "తెచ్చాను" అంటాం, పనైపోతుంది. అక్కడ అలా కుదరదు. దాన్ని తెచ్చాను అనాలి. అరటిపళ్ళు ఎన్ని కావాలంటే ఉత్తినే రెండు అనకూడదు, వాటిలో రెండు అనాలి. దానికోసం 'నె' అని మరో చిట్టి మాట. మా విద్యార్థులు ఆ 'నె'ని మింగేసేవారు. సిన్నోరమ్మ అరటిపండు ఇచ్చేది కాదు. ఆకలేసినవాడు 'నె' మరిచిపోడని ఆవిడ సిద్ధాంతం. నేను తరవాత ఎన్నో పద్ధతులు చూశాను గాని, ఇంతకన్నా మంచిది చూడలేదు.

ఒడియా మాట్లాడే పిల్లలది ఇంకో గొడవ. వాళ్ళ భాషలో ఆయనైనా ఆవిడైనా 'సే' అనే అంటారు. అందుకని సిన్నోరమ్మని కూడా 'లో' అని మగవాణ్ణి చేసేవారు. ఇక మర్యాద సంగతి. ఇటాలియన్లో పెద్దమనిషిని మీరు అనాలంటే, ఆవిడ అనే మాటే వాడతారు. మా కొట్టు పక్కనే కొట్టున్న ఒక పట్టు వర్తకుడు సరదాపడి నాలుగురోజులు బడికొచ్చాడు. ఈ సంగతి విని దండం పెట్టేశాడు. "మీసమున్నోడిని పట్టుకుని ఆవిడంటానేటి? ఒగ్గేయండి బాబూ, ఆ బాస నాకొద్దు" అని మళ్ళీ కనబడలేదు.

పట్టికలు వేసి బట్టీ పట్టించే మాస్టర్లని చూస్తే నాకిప్పటికీ చిరాకే. ఈ చిట్టి మాటలు మనుషుల మధ్య బతుకుతాయి. ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఇద్దరికీ తెలిస్తేనే వాటికి అర్థం. ఈ ముక్క నాకు పోలమ్మ వచ్చాకే బాగా తెలిసింది.

పోలమ్మ

పోలమ్మ పొద్దున్న చేపలు దింపి, సాయంత్రం తట్ట పట్టుకెళ్ళడానికి వచ్చేది. వచ్చినప్పుడు వంటింటి మెట్టు మీద కూర్చుని మా బడి వింటూండేది. ఒకరోజు నన్ను ఆపి అడిగింది.

"బాబూ, నాకూ ఆ బాస సెప్పండి."

"నీకెందుకు పోలమ్మా? చేపల బేరానికి సిన్నోరమ్మ తెలుగు చాలదా?"

"సేపలకి కాదు బాబూ. మావ కోసం."

ఆమె భర్త నూకయ్య ఇటలీ ఓడమీద తాళ్ళ పనికి వెళ్ళాడు. ఓడ కలకత్తాకి తిరిగొచ్చింది, అతను రాలేదు. కలకత్తాలో మనుషుల్ని కుదిర్చే సరంగుని అడిగితే తెలీదన్నాడు. కూడా వెళ్ళినవాళ్ళలో ఒకడు, నూకయ్యకి జబ్బుచేస్తే ఎక్కడో దింపేశారన్నాడు. ఇంకొకడు అసలు పోయాడనీ, సముద్రంలో వదిలేశారనీ అన్నాడు. నూకయ్య అన్న ఈ రెండో మాటే నమ్మాడు.

"గంగమ్మ పండగ దాకా సూస్తామన్నారు పెద్దలు. అప్పటికీ కబురు లేకపోతే నా గాజులు తీయించీస్తారట" అంది పోలమ్మ. ఏడవలేదు. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని గాజులు కనబడకుండా కొంగు కప్పుకుంది.

ఆ ఓడలోనే పనిచేసే ఆఫీసరొకడు ఒంట్లో బాగులేక, సముద్రపు గాలికని మా బసకి రాబోతున్నాడని ఆమె వంటవాడి దగ్గర వింది. అందుకే ఈ తాపత్రయం.

"ఆయనొస్తే నేనడిగి చెబుతాను గదా. నువ్వింత కష్టపడ్డం ఎందుకు?" అన్నాను.

"మీరడిగితే మీకు సెప్తాడు. మీరు నాకు మెత్తగా సేసి సెప్తారు, సంటోడికి అన్నం సిదిపి ఎట్టినట్టు. నాకొద్దు బాబూ. బతికుంటే బతికున్నాడనీ, పోతే పోనాడనీ, ఆ దొర నోట్లోంచి ఎలాగొస్తే అలాగే ఇనాల."

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఈ మాట రాసిపెట్టుకోండి. దుబాసీలందరం చేసేది అదే. చెడ్డ కబురు మన నోటిగుండా వెళ్ళేసరికి కాస్త పంచదార కలుస్తుంది, కోపపు మాటకి పదును తగ్గుతుంది. దాన్ని మంచితనం అనుకుంటాం. అవతలివాళ్ళకి అది కావాలో వద్దో అడగం. ఆమె నన్ను తిట్టలేదు. నా వృత్తి ఏమిటో చెప్పిందంతే.

పేరు లేని మొగుడు

సిన్నోరమ్మ వెంటనే ఒప్పుకుంది. ఆవిడా మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషే గదా. పాఠం మొదలుపెట్టింది.

"నీ భర్త పేరు ఏమిటి?"

"మావ."

సిన్నోరమ్మ నావైపు తిరిగి కళ్ళెర్రజేసింది. "ఎవర్ని అడిగినా మావ! ఈ ఒడ్డు మీద మొగాళ్ళందరి పేరూ మావేనా?"

నాకు నవ్వాగలేదు. మావ అనేది పేరు కాదనీ, మన ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరనీ సర్దిచెప్పాను. పోలమ్మ అయితే మరీను. నూకలని కూడా 'ఇరుగుబియ్యం' అనేది, ఆ పేరు నోట పడుతుందని.

"మా భాషలో ముందు పేరు చెప్పాలి. తరవాత చిట్టి మాట" అని సిన్నోరమ్మ పట్టుబట్టింది.

"పేరు సెప్తే ఆయుస్సు తగ్గుతాదమ్మా. అసలే నీళ్ళ మీదకెళ్ళిన మనిసి. నానొల్లను."

మిగతావాళ్ళు చిట్టి మాట మింగేసేవారు. పోలమ్మ పేరు మింగేసి చిట్టి మాట మిగిల్చేది. "లో చెర్కో", అంటే ఆయన్ని వెతుకుతున్నాను, అని మొదలుపెట్టేది. "కీ? ఎవర్ని?" అని సిన్నోరమ్మ అరిచేది. "లో" అనేది పోలమ్మ, ఇంకెవరుంటారన్నట్టు. అలా ఇద్దరూ జుట్లు పట్టుకునేదాకా వెళ్ళేవారు. చివరికి 'మియో మరీతో', నా భర్త, అనడానికి రాజీపడ్డారు. అదైనా పోలమ్మ తల పక్కకి తిప్పుకునే అనేది.

ఒక్కచోట మాత్రం అసలు లొంగలేదు. పోయిన వస్తువు కనబడితే 'ఎక్కొలో' అంటారు. ఇదిగో, ఇక్కడున్నాడు, అని. మగవాడికైనా చెంచాకైనా అదే మాట. సిన్నోరమ్మ చెంచా దాచేది. పిల్లలు వెతికి పట్టుకుని "ఎక్కొలో!" అని గంతులేసేవారు. పోలమ్మకి చెంచా దొరికింది. బల్లమీద పెట్టి ఊరుకుంది.

"చెప్పు!"

"సెంచాకీ ఆయనకీ ఒకే మాటేటమ్మా?"

"అవును. చెప్పు!"

"ఆయన లేడు కదా. ఇదిగో ఉన్నాడని ఎలా సెప్పను? ఉన్నప్పుడు సెప్తాను."

సిన్నోరమ్మ చెంచా తీసి సొరుగులో పెట్టేసి, ఆరోజుకి బడి చాలంది.

వరండాలో

గంగమ్మ పండగ దగ్గరకొచ్చేసింది. వాడలో డప్పులు సరిచేసుకుంటున్నారు. అప్పుడు దిగాడా ఆఫీసరు. పాలిపోయిన మనిషి. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని సముద్రాన్ని చూస్తూ కూర్చునేవాడు.

పోలమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నేనూ సిన్నోరమ్మా తలుపు దగ్గర నిలబడ్డాం. ఎన్ని పరీక్షలకి విద్యార్థుల్ని పంపానో గాని, అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"చెర్కో మియో మరీతో. లా విస్తో?" అంది. నా భర్తని వెతుకుతున్నాను, ఆయన్ని చూశారా, అని. 'లో'కి 'ఆ' తగిలితే అక్కడ 'లా' అయిపోతుంది.

ఆ దొర చేతిలో కప్పు ఆగిపోయింది. చేపల తట్టతో వచ్చే మనిషి తన భాషలో అడుగుతుందని కల్లో కూడా అనుకుని ఉండడు. వెంటనే నావైపు తిరిగి, నాతో మాట్లాడ్డం మొదలెట్టాడు. చొక్కా తొడుక్కున్నవాడు ఉంటే అటే తిరుగుతారు అందరూ.

పోలమ్మ ఒకడుగు ముందుకేసింది. "లో దీకా ఆ మె."

అదేదో నాతో చెప్పండి, అని. అందులో ప్రతి ముక్కా ఉండాల్సినచోట ఉంది. సిన్నోరమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

దొర కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు. పేరు అడిగాడు. పోలమ్మ నావైపు చూస్తే, నూకయ్య అని నేను చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. సరంగు తెచ్చిన మనుషుల్ని ఓడమీద ఎవరూ సొంత పేర్లతో పిలవరట. నా ప్రాణం ఉసూరుమంది. పోలమ్మ మాత్రం ఎడంచెయ్యి పైకెత్తి, చిటికెనవేలు మడిచి చూపించింది. "ల్యి మాంకా ఉన్ దీతో." ఆయనకి ఒక వేలు లేదు.

దొర లేచి నిలబడ్డాడు.

తెలుసన్నాడు. జ్వరం ముదిరితే జెనోవా రేవులో దింపి ఆసుపత్రిలో చేర్చారట. ఆయన్ని అక్కడ వదిలామన్నాడు. వదిలామన్న మాట వినగానే పోలమ్మ ముఖంలో రక్తం లేదు.

"ఎ వీవో?" అంది. బతికున్నాడా?

"నేను చూసి వచ్చిన రోజుకి బతికే ఉన్నాడు. జ్వరం దిగుతోంది" అన్నాడు. ఆ తరవాత చెప్పిందే నాకు ఇన్నేళ్ళయినా మరుపు రాదు. ఇంటికి కబురు పంపుతాం, ఎవరికి పంపాలి, పేరు చెప్పు అని ఆసుపత్రిలో ఎన్నోసార్లు అడిగారట. 'ఆమెకి' అనేవాడట నూకయ్య. ఆమె ఎవరు అంటే, ఆమే, అనేవాడట. పెళ్ళాం పేరు పరాయి మొగాళ్ళ ముందు ఎలా అంటాడు? మనవాడు అనడు గదా! జ్వరం పేలాపన అనుకున్నారు వాళ్ళు. దొర సెలవు తీసుకునేటప్పుడు చెయ్యి పట్టుకుని మాత్రం, ఓడమీద ఏరుకున్న ఇటాలియన్‌లో "దీల్లె కె తోర్నో" అన్నాడట. వస్తానని ఆమెకి చెప్పు, అని.

"పేరు లేదు, ఊరు లేదు. ఈ ప్రపంచంలో ఏ ఆడమనిషికి చెప్పను?" అన్నాడు దొర. అని, ఆమెవైపే చూస్తూ, "ఆ మనిషి మీరన్నమాట" అన్నాడు.

నేను అలవాటు కొద్దీ తెలుగులో చెప్పబోయాను. పోలమ్మ చెయ్యడ్డం పెట్టింది.

"తెలిసింది బాబూ. 'లె' అంటే నానే కదా."

అప్పుడు ఏడ్చింది. వరండా మెట్ల మీద కూలబడి, గాజుల చేతులతో ముఖం కప్పుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. సిన్నోరమ్మ సంగతి చెప్పక్కర్లేదు.

ఆ తరవాత

నూకయ్య అన్న ఈ కబురు నమ్మనన్నాడు. సిన్నోరమ్మ గొడుగు పట్టుకుని నోలియా వాడకి తనే నడిచి వెళ్ళింది, వెనక దొర, ఆ వెనక నేను. వలలు ఆరేసుకుంటున్న పెద్దల మధ్య నిలబడి, దీపస్తంభం దాకా వినబడే గొంతుతో, "అది బతికుంది! దాని గాజులు ఎవరూ ముట్టుకోవద్దు!" అంది. అందులో 'అది' నూకయ్య, 'దాని' పోలమ్మ. వాడంతా గొల్లుమని నవ్వింది. పెద్దాయనొకడు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "అలాగేనమ్మా. అది ఒచ్చీదాకా ఆగుతాం" అన్నాడు. ఆ ఒక్కసారికి ఆవిడ తప్పు దిద్దబుద్ధి కాలేదు నాకు.

దొర జెనోవాకి తంతి ఇచ్చాడు. జవాబు రాలేదు. పండగ వెళ్ళిపోయింది. వానలొచ్చాయి, సముద్రం బసమెట్ల దాకా పొంగింది. పోలమ్మ రోజూ చేపలు తెచ్చేది. బడికి మాత్రం రావడం మానేసింది. కావలసిన మాటలు నేర్చేసుకున్నానంది. మేమూ అడగడం మానేశాం. ఏమని అడుగుతాం?

ఆ బస ఇప్పుడు లేదు. మొన్న వెళ్ళి చూస్తే ఇసకలో రెండు మెట్లు మిగిలాయి. సిన్నోరమ్మ గోపాల్‌పూర్ మట్టిలోనే కలిసింది. నేను ఆ తరవాత ఎంతోమందికి ఎన్నో భాషలు చెప్పాను. నా విద్యార్థులు పెద్దవాళ్ళయ్యారు, ఉపన్యాసాలిచ్చారు. వాళ్ళ మాటలు నాకొక్కటీ జ్ఞాపకం లేవు. ఒక్క మాట మాత్రం చెవిలోనే ఉంది.

వానలు వెనకబట్టిన రోజులు. సాయంత్రం బడి జరుగుతోంది. సిన్నోరమ్మ అరటిపండు ఎత్తిపట్టుకుని ఎవరినో కసురుతోంది. గుమ్మంలో అలికిడయింది. పోలమ్మ నిలబడి ఉంది. ఈవేళ తట్ట లేదు. వెనకాల, చిక్కి శల్యమైన మనిషొకడు తల వంచుకుని, టోపీ రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఎడంచేతికి చిటికెనవేలు లేదు.

పోలమ్మ పక్కకి జరిగింది, మాకు అతను బాగా కనబడేటట్టు.

"సిన్నోరమ్మా," అంది, "ఎక్కొలో."